కార్డు కంటే ముందు మానిటర్ రేంజ్ చూడండి: రెండు గ్రాఫిక్స్ కార్డులు, మూడు మానిటర్లు వాడాక నా రివ్యూ

ఇప్పుడు నా టేబుల్ మీదున్నది 27 అంగుళాల 1440పి (తెర మీద చుక్కల లెక్క) ఐపీఎస్ (ఒక రకం ప్యానెల్) మానిటర్, 180 హెర్ట్జ్, అంటే సెకనుకి 180 సార్లు తెర మారగలదు, అడాప్టివ్ సింక్ రేంజ్ 48 నుంచి 180 దాకా, అంటే కార్డు సెకనుకి ఆ రెండు నంబర్ల మధ్య ఎన్ని బొమ్మలు ఇచ్చినా తెర ఆ లెక్కకే నడుస్తుంది. కేబినెట్‌లో ఉన్నది ఏఎండీ గ్రాఫిక్స్ కార్డు ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ, 16 జీబీ మెమరీది. ఈ జత వాడబట్టి ఎనిమిది నెలలైంది, నాకైతే చాలా బాగా నచ్చింది, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. కాకపోతే ఇక్కడిదాకా రావడానికి మూడేళ్లు పట్టింది, మధ్యలో రెండు మానిటర్లు నా రూమ్ లోంచి బయటికి వెళ్లిపోయాయి, రెండుసార్లూ జరిగిన పొరపాటు ఒక్కటే, కార్డు కోసం నెలరోజులు వీడియోలు చూసి మానిటర్ మాత్రం షాపులో పది నిమిషాల్లో తేల్చేయడం. అందుకే ఇది కొంచెం పెద్దగానే ఉంటుంది, కొత్తగా పీసీ కట్టించుకునేవాళ్లు ఓపిగ్గా చదవండి.

2022 చివర్లో మొదటి పీసీ కట్టించా. అంతకుముందు రెండేళ్లు కార్డుల రేట్లు ఎలా ఉండేవో గుర్తుండే ఉంటుంది, చిప్‌ల కొరత ఒకపక్క, కార్డులతో క్రిప్టో కరెన్సీ మైనింగ్ చేసేవాళ్లు ఉన్నవన్నీ ఎత్తుకుపోవడం ఇంకోపక్క. 2022 సెప్టెంబర్‌లో ఈథీరియం మైనింగ్ ఆగిపోయాక మార్కెట్ కాస్త నేలమీదకి దిగింది, అప్పుడు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీకి, అదే కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి ఎన్విడియా కార్డు ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీది తీసుకున్నా. బడ్జెట్‌లో ఎక్కువ భాగం కార్డు, ప్రాసెసర్ తినేశాయి, చివరికి మానిటర్‌కి మిగిలింది ఎనిమిది వేలు. ఆ ఎనిమిది వేలకి 24 అంగుళాల 75 హెర్ట్జ్ మానిటర్ ఇచ్చారు, ముందువైపు మూల మీద ఫ్రీసింక్ (అడాప్టివ్ సింక్‌కి ఏఎండీ పెట్టిన పేరు) అని ఎర్ర స్టిక్కర్, ఇంకేం కావాలి అనుకుని ఆటోలో వేసుకుని వచ్చేసా.

రూమ్‌కి వచ్చి అన్నీ బిగించి డ్రైవర్లు వేసి ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిస్తే, ఎడమపక్క లిస్టులో "సెటప్ జీసింక్" అనే లైను (జీసింక్ అంటే అదే పనికి ఎన్విడియా పెట్టిన పేరు) ఉండాలి కదా, అది లేదు. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశా, విండోస్ అప్‌డేట్ చేశా, మానిటర్ మెనూలో ఫ్రీసింక్ ఆన్, ఆఫ్, మళ్లీ ఆన్, అయినా ఆ లైను రాలేదు. రెండు రాత్రులు అలా కూర్చున్నాక మూడో రోజు మానిటర్‌ని తిప్పి వెనక చూశా. ఒక హెచ్‌డీఎంఐ, ఒక వీజీఏ, అంతే. డిస్‌ప్లే పోర్ట్ లేదు. అక్కడ ఉంది అసలు విషయం. పాత హెచ్‌డీఎంఐ మీద ఫ్రీసింక్ అనేది ఏఎండీ సొంతంగా చేసుకున్న ఏర్పాటు, ఆ వైరు మీద అది ఏఎండీ కార్డులకే పనిచేస్తుంది. ఎన్విడియా కార్డుకి ఫ్రీసింక్ మానిటర్ కలవాలంటే డిస్‌ప్లే పోర్ట్ వైరు ఉండాలి, లేదా మానిటర్‌లో హెచ్‌డీఎంఐ 2.1 వీఆర్ఆర్ (అడాప్టివ్ సింక్ లాంటిదే) ఉండాలి. నా ఎనిమిది వేల మానిటర్‌లో ఈ రెండూ లేవు, స్టిక్కర్ మాత్రం నిజమే, అబద్ధం ఏమీ రాయలేదు, నా కార్డుకి మాత్రం పనికిరాదు.

అసలు ఈ సింక్ గోలేంటి అనేవాళ్లకి నాకు అర్థమైన పద్ధతిలో చెప్తా. మామూలు మానిటర్ అంటే ఆర్టీసీ బస్సు లాంటిది, టైమ్‌కి బయల్దేరిపోతుంది. 60 హెర్ట్జ్ అంటే ప్రతి 16.67 మిల్లీసెకన్లకి ఒక బస్సు, 144 హెర్ట్జ్ అంటే ప్రతి 6.94కి ఒకటి. కార్డు గీసే ఫ్రేములేమో, అంటే ఒక్కో బొమ్మ, టైమ్ ప్రకారం రావు, ఖాళీ గోడ ముందు నిలబడితే టకటకా వచ్చేస్తాయి, పేలుళ్లు పొగ వస్తే ఆలస్యమవుతాయి. బస్సు సగం దారిలో ఉండగా కొత్త ఫ్రేమ్ ఎక్కితే తెర మీద పైసగం పాత బొమ్మ, కిందసగం కొత్త బొమ్మ, మధ్యలో అడ్డంగా ఒక గీత, అదే టేరింగ్. వీసింక్ (తెర టైమ్‌కే ఫ్రేమ్ మార్చే సెట్టింగ్) వేస్తే గీత పోతుంది కానీ ఒక్క క్షణం ఆలస్యమైన ఫ్రేమ్ తర్వాతి బస్సు దాకా స్టాప్‌లో నిలబడాలి, ఆ ఆగడం మన చేతికి తెలుస్తుంది, మౌస్ బరువెక్కినట్టు ఉంటుంది. అడాప్టివ్ సింక్ అంటే షేర్ ఆటో. ఫ్రేమ్ ఎక్కాకే కదుల్తుంది. కార్డు 7 మిల్లీసెకన్లలో ఇస్తే అప్పుడే, 15లో ఇస్తే అప్పటిదాకా ఆగి బయల్దేరుతుంది. అయితే షేర్ ఆటో అయినా పొద్దస్తమానం ఆగదు కదా, ఎంతసేపు ఆగగలదో దానికీ ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దే రేంజ్‌లో కింద నంబర్. ఈ రివ్యూలో ఒక్కటి గుర్తుపెట్టుకోమంటే ఆ కింద నంబర్ గుర్తుపెట్టుకోమంటా.

ఆ మొదటి మానిటర్ మీద ఎల్డెన్ రింగ్ ఆడేవాణ్ణి. ఆ గేమ్ పీసీలో 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) దాటదు, వాళ్లే లాక్ చేశారు. కార్డు కదలకుండా 60 ఇస్తోంది, కౌంటర్‌లో 60 అని కనిపిస్తోంది, అయినా కెమెరా మెల్లగా తిప్పితే చెప్పులో రాయిలా ఏదో సన్నగా తగుల్తూ ఉండేది. తర్వాత లెక్క వేస్తే తెలిసింది, 75 హెర్ట్జ్ తెర మీద 60 ఫ్రేములు సమంగా సరిపోవు, ప్రతి నాలుగు ఫ్రేముల్లో ఒకటి రెండుసార్లు చూపించాలి, అంటే సెకనుకి 15 సార్లు చిన్న తడబాటు. కార్డు తప్పేం లేదు. నేనేమో ఎఫ్‌పీఎస్ కౌంటర్ చూసి కార్డు బాలేదని సెట్టింగులు తగ్గించుకుంటూ పోయా.

ఆ మానిటర్ గుంటూరులో మా తమ్ముడికి ఇచ్చేశా. వాడి పీసీలో ఆర్ఎక్స్ 6600 ఉంది, ఏఎండీ కాబట్టి అదే హెచ్‌డీఎంఐ వైరు మీద ఫ్రీసింక్ వెంటనే ఆన్ అయింది, ఒరేయ్ ఇదెంత బావుందిరా అని వాడు ఫోన్ చేశాడు. వారం తర్వాత మళ్లీ ఫోన్, "అన్నయ్యా, సైబర్‌పంక్‌లో ఊళ్లో జనం ఎక్కువున్న చోటికి వెళ్తే మళ్లీ గీతలొస్తున్నాయి" అని. ఎందుకంటే ఆ మానిటర్ రేంజ్ 48 నుంచి 75. ఎఫ్‌పీఎస్ 48 కంటే కింద పడగానే సింక్ తెగిపోతుంది. పెద్ద రేంజ్ ఉన్న మానిటర్లలో ఎల్ఎఫ్‌సీ అని ఒకటి ఉంటుంది, ఎఫ్‌పీఎస్ హద్దు కింద పడితే ఒక్కో ఫ్రేమ్‌ని రెండుసార్లు చూపించి రేంజ్ లోపలే ఉంచుతుంది, 40 వస్తే తెర 80లో నడుస్తుంది, మనకి ఏమీ తెలీదు. కానీ అది కుదరాలంటే పై నంబర్ కింద నంబర్‌కి కనీసం రెట్టింపు ఉండాలి. 48కి రెట్టింపు 96, ఆ మానిటర్ 75తో ఆగిపోయింది, కాబట్టి ఎల్ఎఫ్‌సీ లేదు. వాడికి ఎఫ్‌పీఎస్ 72కి క్యాప్ పెట్టించి, క్రౌడ్ డెన్సిటీ, నీడలు తగ్గించి ఎలాగైనా 50 పైన ఉండేలా సెట్ చేశా, అలా అయితే ఆ మానిటర్ ఇప్పటికీ బాగా పనిచేస్తోంది. కొత్తగా కొనేవాళ్లకి మాత్రం 75 హెర్ట్జ్, 100 హెర్ట్జ్ ఫ్రీసింక్ మానిటర్ వద్దనే చెప్తా, రేంజ్ చెప్పకపోతే అసలే వద్దు.

రెండో మానిటర్ కొనడానికి 2023లో మళ్లీ సీటీసీ. ఈసారి డిస్‌ప్లే పోర్ట్ ఉండాలని కాగితం మీద రాసుకుని మరీ వెళ్లా. ఒక షాపులో, పేరు చెప్పను, కౌంటర్‌లో ఉన్నాయన "అన్నా మీది ఎన్విడియా కార్డు, ఫ్రీసింక్ పనిచేయదు, జీసింక్ మానిటర్ తీసుకోండి" అని పన్నెండు వేలు ఎక్కువ రేటున్నది చూపించాడు. ఈ మాట ఇప్పటికీ చాలాచోట్ల వినిపిస్తుంది కాబట్టి కొంచెం వెనక్కి వెళ్లి చెప్తా. ఎన్విడియా 2013 అక్టోబర్‌లో జీసింక్ తెచ్చినప్పుడు మానిటర్ లోపల వాళ్ల సొంత మాడ్యూల్ పెట్టాలి, ఆ బోర్డు వల్లే మానిటర్ రేటు బాగా పెరిగేది. 2014 మొదట్లో ఏఎండీ ఫ్రీసింక్ చూపించింది, అదే ఏడాది మే నెలలో డిస్‌ప్లే ప్రమాణాలు పెట్టే వెసా వాళ్లు అడాప్టివ్ సింక్‌ని డిస్‌ప్లే పోర్ట్ 1.2ఏ ప్రమాణంలో చేర్చారు, ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదు, 2015 నుంచి మానిటర్లు వరుసగా వచ్చాయి. నాలుగేళ్లు ఎన్విడియా వాళ్లు వాటిని ముట్టుకోలేదు, చివరికి 2019 జనవరిలో దారికి వచ్చారు, జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి అన్ని కార్డులకీ డిస్‌ప్లే పోర్ట్ మీద అడాప్టివ్ సింక్ తెరిచేశారు, దానికి జీసింక్ కంపాటిబుల్ అని పేరు పెట్టారు. అప్పుడు 400 మానిటర్లు పరీక్షిస్తే 12 మాత్రమే తమ ప్రమాణానికి పాసయ్యాయని వాళ్లే చెప్పారు. మిగతావి పనిచేయవని కాదు, చేత్తో ఆన్ చేసుకోవచ్చు, కానీ ఫ్లికర్ (తెర వెలుగు కొట్టుకోవడం) లాంటివి ఉండొచ్చు అని. ఆ 12 నంబర్‌ని నేను అప్పుడు పట్టించుకోలేదు.

పట్టించుకోవాల్సింది. వేరే షాపులో 27 అంగుళాల కర్వ్డ్ వీఏ (ఐపీఎస్ లాగే ఇంకో రకం) ప్యానెల్, 1080పి, 165 హెర్ట్జ్ తీసుకున్నా. డిస్‌ప్లే పోర్ట్ ఉంది, రేంజ్ 48 నుంచి 165, లెక్క ప్రకారం ఎల్ఎఫ్‌సీ కూడా ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో ఈ మానిటర్ జీసింక్ కంపాటిబుల్‌గా ధృవీకరించలేదు అని ఒక లైను చూపించింది, కింద టిక్ పెడితే ఆన్ అయింది, గీతలు మాయం, ఆ సాయంత్రం ఎంత ఆనందపడ్డానో. రాత్రి లైట్లు ఆపేసి ఆడటం మొదలుపెట్టాక కనపడింది, గేమ్ లోడ్ అయ్యేటప్పుడు ముదురు బూడిద రంగు తెర మొత్తం ట్యూబ్‌లైట్ పాడైనప్పుడు కొట్టుకుంటుందే అలా కొట్టుకుంటోంది. చీకటి గుహలోకి వెళ్తే గోడలు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

మానిటర్ సొంత మెనూలో రిఫ్రెష్ రేట్ అప్పటికప్పుడు చూపించే కౌంటర్ ఉంటుంది, అది ఆన్ చేసి చూస్తే కారణం కళ్లముందే కనపడింది. ఎఫ్‌పీఎస్ 49లో ఉన్నప్పుడు తెర 49లో నడుస్తోంది, 47కి పడగానే ఎల్ఎఫ్‌సీ వచ్చి 94కి ఎగురుతోంది, మళ్లీ 49కి రాగానే కిందకి దూకుతోంది. 49, 94, 50, 92, ఇలా. వీఏ ప్యానెల్‌లో తెర ఎంత వేగంగా రిఫ్రెష్ అవుతోందో దాన్నిబట్టి వెలుతురు కొద్దిగా మారుతుంది, నెమ్మదిగా మారితే కన్ను పట్టదు, ఇలా గెంతితే మాత్రం మెరుపులా తెలుస్తుంది, ముదురు రంగుల్లో ఇంకా ఎక్కువ. ఓలెడ్ మానిటర్లలోనూ ఈ వీఆర్ఆర్ ఫ్లికర్ ఉంది, లక్ష పెట్టి కొనే ముందు అది కూడా చూస్కోండి. ఐపీఎస్‌లో ఉన్నా చాలా తక్కువ. ఆ వీఏ మానిటర్‌ని మా బావ ఆఫీసు పనికి, రాత్రిళ్లు సినిమాలు చూడ్డానికి తీసుకున్నాడు, రిఫ్రెష్ ఫిక్స్ చేసి వాడితే ఫ్లికర్ ఉండదు, నలుపు రంగు ఐపీఎస్ కంటే ఎంతో బావుంటుంది, ఆయనకి చాలా ఇష్టమైపోయింది. మానిటర్ చెడ్డది కాదు, సింక్ వేసి చీకటి గేములు ఆడేవాడికి సరిపడదు.

ఇక మూడోది, ఇప్పుడున్నది. ఈసారి మొదట మానిటర్ ఖాయం చేసుకుని దానికి తగ్గ కార్డు వెతికా. 27 అంగుళాల మీద 1080పి అంటే దగ్గర కూర్చుంటే అక్షరాల అంచులు రంపంలా కనిపిస్తాయి, రోజంతా ఆఫీసు పని కూడా దీనిమీదే కాబట్టి 1440పి అనుకున్నా. కానీ 1440పి అంటే తెర మీద 36,86,400 చుక్కలు, 1080పికి 20,73,600 మాత్రమే, అంటే కార్డుకి దాదాపు 1.8 రెట్లు పని. పాత 3060 దీన్ని లాగలేదని మొదటి వారమే తెలిసింది, 12 జీబీ మెమరీ ఉంది కానీ గీసే దమ్ము చాల్లేదు, సైబర్‌పంక్‌లో 40ల్లో తిరిగేది. చెప్పుకోవాల్సిందేంటంటే, ఆ 40లు కూడా ఈ మానిటర్ మీద పాత మానిటర్‌లో 60 కంటే నున్నగా అనిపించాయి, ఎల్ఎఫ్‌సీ వచ్చి తెర 80-90లో నడిపిస్తోంది, గెంతినా ఐపీఎస్ కాబట్టి కొట్టుకోవట్లేదు. అలా నాలుగు నెలలు తొందర లేకుండా ఆగగలిగా, మంచి మానిటర్ ఉంటే పాత కార్డుతో కూడా రోజులు గడుస్తాయి, మంచి కార్డు ఉండి మానిటర్ బాలేకపోతే మొదటి రోజు నుంచే చిరాకు.

కార్డు విషయంలో నా ముందు నాలుగున్నాయి. ఆర్‌టీఎక్స్ 5060, 8 జీబీ. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఇది 8 జీబీ, 16 జీబీ రెండు రకాలు. ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ, ఇదీ 8, 16 రెండు రకాలు. ఇంటెల్ ఆర్క్ బీ580, 12 జీబీ. 8 జీబీవి ముందే పక్కన పెట్టేశా, 1440పిలో టెక్స్చర్లు హైలో పెడితే ఇప్పటికే కొన్ని గేముల్లో 8 జీబీ నిండిపోతుంది, నిండాక సగటు ఎఫ్‌పీఎస్ బానే చూపిస్తుంది కానీ మధ్యమధ్యలో గుక్కపట్టినట్టు ఆగుతుంది, ఆ ఆగడాన్ని ఏ అడాప్టివ్ సింకూ కాపాడలేదు, ఎందుకంటే 100 మిల్లీసెకన్ల పాటు కొత్త ఫ్రేమే రాకపోతే తెర మాత్రం ఏం చూపిస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త, 5060 టీఐ అయినా 9060 ఎక్స్‌టీ అయినా 8, 16 రెండింటికీ పేరు ఒక్కటే, డబ్బాలు కూడా ఒకేలా ఉంటాయి, రేటు తక్కువుందని సంబరపడేముందు డబ్బా మూల మీద ఎన్ని జీబీలని ఉందో వేలు పెట్టి చదవండి, బిల్లు మీద కూడా అదే రాయించుకోండి.

ఆర్క్ బీ580 రేటుకి మంచి కార్డు, అడాప్టివ్ సింక్ దానికీ ఉంది, కానీ మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే ఏర్పాటు) ఉండాలి, పాత ప్రాసెసర్ల మీద దాని వేగం బాగా పడిపోతుంది, నా ప్రాసెసర్ పాతది కాబట్టి వదిలేశా. చివరికి 5060 టీఐ 16 జీబీనా, 9060 ఎక్స్‌టీ 16 జీబీనా అన్నది మిగిలింది. డీఎల్ఎస్ఎస్ (తక్కువ చుక్కల్లో గీసి పెద్దది చేసి ఎఫ్‌పీఎస్ పెంచే ఎన్విడియా పద్ధతి) ఉన్న గేములు ఎక్కువ, బొమ్మ కూడా బావుంటుంది, అది ఎన్విడియా వైపు బలం, వీడియో ఎడిటింగ్, బ్లెండర్ లాంటి పని ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని అటే వెళ్లొచ్చు. నాకా పనుల్లేవు, గేములే, అదే పనికి ఏఎండీ తెచ్చిన ఎఫ్ఎస్ఆర్ 4 పాత ఎఫ్ఎస్ఆర్‌ల కంటే చాలా మెరుగైంది, రేటు తేడా ఎనిమిది వేల దాకా కనిపించింది, ఆ ఎనిమిది వేలు ముందే మానిటర్‌లో పెట్టేశా. 9060 ఎక్స్‌టీ 2025 జూన్‌లో వచ్చింది, 16 జీబీది 160 వాట్లు, నా పాత 3060 ఏమో 170 వాట్లు, అంటే ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే డబ్బా) మార్చక్కర్లేదు, నా 550 వాట్లదే నడుస్తోంది, ఒకే 8 పిన్ వైరు. మే నెలలో ఏసీ లేని రూమ్‌లో ఆడేవాళ్లకి ఈ వాట్ల లెక్క చిన్న విషయం కాదు, కార్డు తిన్న కరెంటంతా చివరికి రూమ్‌లో వేడే.

ఎనిమిది నెలల్లో ఎలా ఉందంటే, సైబర్‌పంక్ 1440పి హైలో, ఎఫ్ఎస్ఆర్ క్వాలిటీ పెట్టి, రే ట్రేసింగ్ (వెలుతురు దారులు లెక్కగట్టి గీసే సెట్టింగ్) లేకుండా, 80 నుంచి 110 మధ్య తిరుగుతుంది, ఎక్కడ 80 ఉందో ఎక్కడ 110 ఉందో కౌంటర్ చూడకపోతే నాకు తెలీదు, అదే దీని గొప్ప. ఎల్డెన్ రింగ్ 60కి తెర కూడా సరిగ్గా 60లో నడుస్తుంది, ఆ సెకనుకి 15 తడబాట్లు లేవు, మొదటిసారి గుర్రమెక్కి ఆ బంగారు చెట్టు వైపు కెమెరా మెల్లగా తిప్పినప్పుడు ఇన్నాళ్లూ నేను ఈ గేమ్‌ని సరిగ్గా చూడనేలేదనిపించింది. వాలరెంట్ లాంటి పోటీ షూటింగ్ గేములు ఎలాగూ 180 దాటేస్తాయి. ఆ గేములే ప్రాణంగా ఆడేవాళ్లు 240 హెర్ట్జ్ 1080పి తీసుకుని సింక్ ఆపేసి ఆడతారు, వాళ్లకి కావాల్సింది ఆలస్యం లేకపోవడం, వాళ్ల లెక్క వేరు.

నచ్చనివి కూడా ఉన్నాయి. చీకట్లో ఐపీఎస్ మూలల్లో తెల్లటి వెలుగు కనిపిస్తుంది, వీఏ చూసిన కళ్లకి నలుపు బూడిదలా అనిపిస్తుంది. డబ్బా మీద హెచ్‌డీఆర్ 400 (వెలుగు, చీకటి తేడా బాగా చూపించే హెచ్‌డీఆర్‌లో ఒక స్థాయి) అని ఉంది, దానికోసం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టొద్దు, ఆ స్థాయికి వెనక లైటు భాగాలుగా ఆరి వెలిగే లోకల్ డిమ్మింగ్ ఉండాలన్న నియమం లేదు, ఆన్ చేస్తే తెర పాలిపోయినట్టు ఉంటుంది, నేను ఆపేసి పెట్టా. ఒక మిల్లీసెకను రెస్పాన్స్ అన్నది కూడా అంతే. మెనూలో ఓవర్‌డ్రైవ్ (పిక్సెల్ రంగు త్వరగా మారేలా నెట్టే సెట్టింగ్) అన్నిటికంటే ఫాస్ట్‌లో పెడితేనే ఆ నంబర్ వస్తుంది, అలా పెడితే ఎఫ్‌పీఎస్ 60-70కి దిగినప్పుడు కదిలే వస్తువుల వెనక తెల్లటి తోక వస్తుంది, నా దాంట్లో మధ్య స్థాయి బావుంది, అక్కడే ఉంచేశా.

కొన్నాక చేసుకోవాల్సినవి కొన్నున్నాయి, ఇవి చేయక చాలామంది 180 హెర్ట్జ్ మానిటర్‌ని ఏళ్ల తరబడి 60లో వాడుతున్నారు, మా ఆఫీసులోనే ఇద్దరిని చూశా. విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అందులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్లి రిఫ్రెష్ రేట్ మీరే ఎంచుకోవాలి. మానిటర్ మెనూలో అడాప్టివ్ సింక్ లేదా ఫ్రీసింక్ ఆన్‌లో ఉందో చూడాలి, కొన్నిట్లో ఆఫ్‌లోనే వస్తుంది. తర్వాత ఏఎండీ అయితే వాళ్ల డ్రైవర్ యాప్ అడ్రినలిన్‌లో డిస్‌ప్లే ట్యాబ్, అక్కడ ఫ్రీసింక్ ఉంటుంది, మీ మానిటర్ రేంజ్ కూడా అక్కడే చూడొచ్చు, ఎన్విడియా అయితే ఆ సెటప్ జీసింక్ లైను. ఆ తర్వాత ఎఫ్‌పీఎస్ క్యాప్, పై నంబర్ కంటే కనీసం మూడు తక్కువ, 144కి 141, 180కి 177, లేదంటే ఎఫ్‌పీఎస్ రేంజ్ పైకి తన్నుకుపోయి మళ్లీ గీతలు, లేదా వీసింక్ ఆలస్యం. క్యాప్ పెట్టాక డ్రైవర్‌లో వీసింక్ ఆన్‌లో ఉంచినా పర్లేదు, ఎప్పుడైనా ఒక ఫ్రేమ్ హద్దు దాటితే అది పట్టుకుంటుంది. డబ్బాలో వచ్చిన డిస్‌ప్లే పోర్ట్ వైరే వాడండి. ఫ్రేమ్ జనరేషన్ (రెండు అసలు ఫ్రేముల మధ్య ఇంకోటి పుట్టించి ఇరికించడం) గురించి ఒక్క మాట, అసలు ఫ్రేములు 60 దాకా వస్తుంటే దాంతో బావుంటుంది, అసలు 30 వస్తుంటే కౌంటర్ 60 చూపించినా చేతికి 30లాగే ఉంటుంది.

సీటీసీకి వెళ్లేవాళ్లు కనీసం మూడు షాపుల్లో అడగండి, ఫోన్లో ఆన్‌లైన్ రేటు తెరిచి పెట్టుకోండి. మానిటర్‌ని బిల్లు కట్టాక అక్కడే తెరిపించి నల్ల తెర, తెల్ల తెర పెట్టి చచ్చిన పిక్సెల్స్ చూసుకోండి, ఇంటికి వెళ్లాక ఒకటీ రెండూ కనిపిస్తే మార్చరు. బిల్లు మీద జీఎస్టీ నంబరు, సీరియల్ నంబరు రెండూ ఉండాలి. అమెరికా నుంచి వచ్చే బావమరిది చేత కార్డు తెప్పించుకుందాం అనుకునేవాళ్లు మనలో చాలామంది, రేటు తక్కువనిపిస్తుంది నిజమే, కానీ అక్కడ కొన్న కార్డుకి ఇక్కడ వారంటీ ఇస్తారో లేదో ఆ కంపెనీని ఈమెయిల్‌లో అడిగి జవాబు దగ్గర పెట్టుకున్నాకే తెప్పించండి. ఇంట్లో కరెంటు వస్తూ పోతూ ఉంటే కార్డు బడ్జెట్‌లో కొంత తీసి మంచి యూపీఎస్‌లో పెట్టండి.

దసరాకి మా తమ్ముడు హైదరాబాద్ వస్తున్నాడు, వాడికిప్పుడు కొత్త మానిటర్ కావాలి. కార్డు అదే ఆర్ఎక్స్ 6600, కాబట్టి 1440పి అక్కర్లేదు, 24 అంగుళాల 1080పి ఐపీఎస్, 144 గానీ 165 గానీ, రేంజ్ 48 నుంచి మొదలై పైన 96 దాటి ఉండాలి, డిస్‌ప్లే పోర్ట్ తప్పనిసరి, రేపు వాడు ఎన్విడియా కొన్నా పనికొస్తుంది. వాడు ఇప్పటికే నాలుగు మోడళ్ల లింకులు పంపాడు, రెండింట్లో ఫ్రీసింక్ అని ఉంది కానీ రేంజ్ ఎక్కడా రాయలేదు. ఆ రెండూ కొట్టేశా. మిగతా రెండూ షాపులో పెట్టించి, మెనూలో రిఫ్రెష్ కౌంటర్ ఆన్ చేయించి, చీకటి సీన్ ఉన్న గేమ్ పావుగంట ఆడి చూశాకే డబ్బులు ఇస్తాం.